నాలుగో రూం బెల్లు

మామిడికాయల కాలంలో బంగారుపాళ్యంలో బస్సు దిగితే ఊరు ముందు ముక్కుకి తెలుస్తుంది, ఆ తర్వాతే కంటికి. హైవే పక్కన తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఫ్యాక్టరీల వెనక టెంకలూ తొక్కలూ కుప్పలుగా పోసి ఉంటాయి. ఎండకి అవి పులిసి, తియ్యగా, మత్తుగా, కొంచెం కుళ్ళుగా ఒక వాసన ఊరంతా దుప్పటి కప్పినట్లు కప్పేస్తుంది. ఆ ఊరివాళ్ళకి అదసలు వాసనే కాదు. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం రెండు రోజులు అన్నం సయించదు.

రెండు వేల నాలుగో సంవత్సరం, జూన్ నెల మొదటి ఆదివారం, పొద్దున పదకొండు కావస్తా ఉండగా కృష్ణమూర్తి పలమనేరు బస్సులోంచి ఆ వాసనలోకి దిగినాడు. ఆయన తిరుపతిలో కంప్యూటర్లు పెట్టిచ్చి, చెడిపోతే బాగుచేసే మనిషి. నలభై నాలుగేళ్ళు. భుజాన నల్ల బ్యాగు, జేబులో అమృతాంజనం సీసా. మొన్న రాత్రి నగరిలో మరమగ్గాల వాళ్ళ ఆఫీసులో పని, నిన్న రాత్రి తిరుపతిలో ఒక లాడ్జీలో పని. రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. బస్సులో కునుకు తీద్దామంటే పక్క సీటాయన కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పుంజు చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాకా రెప్ప వెయ్యకుండా ఈయన్నే చూస్తా వచ్చింది.

ఆయన పోవలసింది హైవే పక్కనే ఉండే, మామిడి గుజ్జు తీసే ఒక పల్పు ఫ్యాక్టరీకి. పేరు మనకెందుకులెండి. ఆదివారం బాయిలరు ఆపేసినారు. కూలోళ్ళు, ఆపరేటర్లు, అందరికీ సెలవు. గేటు దగ్గర వేపమాను నీడలో ఓబయ్య ఒక్కడే స్టూలు వేసుకుని కూర్చోనున్నాడు. ఓబయ్యకి అరవై దాటినాయి. ఫ్యాక్టరీలో నాలుగు కోల్డ్ రూములున్నాయి, గడ్డకట్టించిన పల్పు డ్రమ్ములు అందులో పెడతారు. వాటి తాళాలు, తలుపులు, డిగ్రీలు రాసుకోవడం, అంతా ఓబయ్య పనే.

"వచ్చినావా సార్! నువ్వు రావని పందెం గట్టినా," అన్నాడు లేస్తా.

"ఎవరితో అన్నా పందెం?"

"నాతోనే. ఇంగెవురుండారు ఈడ? ఓడిపోయింది కూడా నేనే." దగ్గరికొచ్చి మొహంలోకి చూసినాడు. "ఏందప్పా ఆ కండ్లు? చింతనిప్పుల్లా ఉండాయి. ఇంట్లోంచి తరిమేసిందా అమ్మ?"

"ఇంటికి పోతే కదా తరిమేదానికి," అన్నాడు కృష్ణమూర్తి. "తొందరగా తలుపు తియ్యన్నా. రెండు గంటల బస్సుకి పోవాల. పోయి పడుకోవాల."

కంప్యూటర్ రూము ఒకప్పుడు శాంపుల్ సీసాలు పెట్టుకునే గది. కిటికీ లేదు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల అడుగు పెడితే కాటుక చీకటి. ఏసీ చల్లదనం తడిగుడ్డలాగా మెడకి చుట్టుకుంది. ట్యూబులైటు మూడుసార్లు మిణుకుమిణుకుమని అప్పుడు వెలిగింది. పాత మామిడి రసం గోడల్లోకి ఇంకిపోయి ఉంటుంది కాబోలు, ఆ చల్లదనంలో కూడా లోతుగా ఒక పులుపు వాసన.

బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఓబయ్య వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టినాడు. ఫ్యాక్టరీ అంతా అట్లే పిలుస్తారు. పెద్దోడు పనిచేస్తా ఉంటాడు, చిన్నోడు చూస్తా ఉంటాడు. పెద్దోడు పడిపోతే చిన్నోడు లేచి ఆ పని అందుకోవాల. కోల్డ్ రూముల డిగ్రీలు రాయడం ఒక పని, బెల్లు సంగతి చూసుకోవడం ఇంకో పని.

ఈ బెల్లు సంగతి కొంచెం చెప్పుకోవాల. కోల్డ్ రూములో మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. తలుపు వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. లోపల తోసే కడ్డీ ఒకటి ఉంటుంది గానీ, దాని మీద మంచు పట్టి అప్పుడప్పుడు బిగుసుకుంటుంది. అందుకని ప్రతి రూములో తలుపు పక్కన ఒక బెల్లు పెట్టినారు. లోపలి మనిషి ఒకసారి నొక్కితే చాలు, కంప్యూటర్ రూములో అర నిమిషానికి ఒకసారి చొప్పున మూడుసార్లు మోగుతుంది. కంప్యూటర్ రూములో ఉన్న మనిషి మైకు మీట నొక్కి "ఉన్నా, వస్తా ఉండా" అని చెబితే లోపలుండే స్పీకర్లో వినబడుతుంది, బెల్లు ఆగిపోతుంది. మూడుసార్లకీ ఎవరూ పలక్కపోతే ఎవరూ లేరని లెక్క. అప్పుడు గేటు మీద సైరను మోగుతుంది, హైవే దాకా వినబడేలాగ.

మంచి ఏర్పాటే. కంప్యూటరు బతికి ఉంటే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కంప్యూటరు బతికి ఉండటం వేరు, దాని డిస్కు బతికి ఉండటం వేరు. రెండు కంప్యూటర్లకీ మధ్య ఒక వైరుంటుంది. చిన్నోడు "ఉన్నావా?" అంటాడు, పెద్దోడు "ఉన్నా" అంటాడు. డిస్కు కొయ్యబారిపోయి, బెల్లుతో సహా పనులన్నీ ఆగిపోయినా సరే, పెద్దోడు పైకి మాత్రం "ఉన్నా, ఉన్నా" అంటానే ఉంటాడు. మంచంలో మనిషికి ఊపిరి ఆడతా ఉంటుంది, పిలిస్తే మాత్రం పలకడు చూడండి, అట్లాగ. అందుకని డిస్కును విడిగా కనిపెట్టుకుని ఉండాల. ముప్పై సెకండ్లకొకసారి దాని మీద ఒక అక్షరం రాయాల, తిరిగి చదవాల. మూడుసార్లు చదవలేకపోతే పెద్దోణ్ణి ఆపేసి చిన్నోణ్ణి లేపాల. ఆ కాపలా పెట్టడమే కృష్ణమూర్తి పని.

పోయిన ఏడాది పెట్టినాడు కూడా. అయితే సాయంత్రాలు కరెంటు కిందామీదా అయినప్పుడల్లా డిస్కు ఒక నిమిషం బిగుసుకునేది, చిన్నోడు లేచేవాడు, ఫ్యాక్టరీ వాళ్ళు గాభరాపడి తిరుపతికి ఫోను చేసేవాళ్ళు. రెండున్నర గంటల బస్సు ప్రయాణం. వచ్చి చూస్తే ఏమీ ఉండదు. పదో పన్నెండో సార్లు తిరిగి తిరిగి విసుగొచ్చి, ఒకరోజు ఒక చిన్న మార్పు చేసినాడు. మూడుసార్లు పలక్కపోతే ఏం చెయ్యాల అనే చోట "చిన్నోణ్ణి లేపు" అని ఉన్నది తీసేసి "రాసుకుని ఊరకుండు" అని పెట్టినాడు. ఎవరికీ చెప్పలేదు. ఫోన్లు ఆగిపోయినాయి. హాయిగా నిద్రపోయినాడు.

ఈ ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం, కంప్యూటర్ ఆపరేటరు గిరిప్రసాద్ డ్రమ్ముల లెక్క చూసేదానికి నాలుగో రూములోకి పోయినాడు. కడ్డీ బిగుసుకుంది. బెల్లు నొక్కినాడు. పలకవలసిన మనిషి తనే కాబట్టి కంప్యూటర్ రూములో ఎవరూ లేరు. సైరను మోగాల. మోగలేదు. ఆ సమయానికి పెద్దోడి డిస్కు బిగుసుకుని ఉంది. పెద్దోడు "ఉన్నా, ఉన్నా" అంటా ఉన్నాడు. చిన్నోడు రాసుకుని ఊరకున్నాడు.

అన్నం వేళ దాటినాక ఓబయ్య తలుపు తీస్తే గిరి అడ్డంగా పడినాడు.

చలికి గుండె ఆగిపోయిందన్నారు అందరూ. మరుసటి రోజు కృష్ణమూర్తి వచ్చి చిన్నోడు రాసుకున్నది చదివినాడు. పన్నెండూ పది నుంచి పన్నెండూ యాభై దాకా. పలకలేదు, పలకలేదు, పలకలేదు. ఒక్కడే కూర్చుని దాన్ని చెరిపేసినాడు. అప్పటినుంచి ఆయనకి పని లేని రాత్రి కూడా నిద్ర లేదు.

ఇప్పుడు రేపు సోమవారం, సరుకు కొనే కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తా ఉన్నారు. డిస్కు పోతే చిన్నోడు లేస్తాడా లేదా చూపించమన్నారు. ఆ "ఊరకుండు" అనేది వాళ్ళ కంట పడితే ఎవరు పెట్టినారు, ఎప్పుడు పెట్టినారు అని తవ్వుతారు. వాళ్ళు రాకముందే దాన్ని సరిచేసి, పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెట్టి పోవాల. అందుకే ఒళ్ళు సహకరించకపోయినా వచ్చినాడు.

కృష్ణమూర్తి పని మొదలుపెట్టినాడు. ముప్పై సెకండ్లు. మూడుసార్లు. "చిన్నోణ్ణి లేపు." మూడు మాటలు మార్చేదానికి మూడు నిమిషాలు పట్టలేదు. ఫిబ్రవరికి ముందు కూడా ఇదే మూడు నిమిషాలే గదా అనుకున్నాడు.

ఓబయ్య వాకిట్లో నిలబడి చూస్తా, "మూడుసార్లే ఎందుకప్పా పిలిచేది?" అన్నాడు.

"ఒకసారికి పలక్కపోతే పోయినట్లు కాదు కదన్నా. ఏదో పనిలో ఉండొచ్చు. మూడుసార్లకి కూడా పలక్కపోతే ఇంక లేదని అర్థం."

"ఓ... దింపుడు కళ్ళం మాదిరి అన్నమాట." ఓబయ్యకి అర్థమైపోయింది. "పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాం గదా. పలికితే ఇంటికి, పలక్కపోతే కాటికి."

"అంతే."

"గిరికి అది లేకపోయె." ఓబయ్య గొంతు తగ్గింది. "పెద్దాసుపత్రిలో కోసినారు గదా. వ్యాన్లో ఏసుకోని నేరుగా కాటికే తీసకపోయినారు. యాడా దించలే. ఎవురూ పిలవలే. సంవత్సరం గూడా తిరగలే ఇంకా."

కృష్ణమూర్తి తెర వైపు తిరిగినాడు. తెర మీద కింద ఒక మూల "డ్యూటీలో ఉన్నవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో ఇప్పటికీ గిరిప్రసాద్ పేరే ఉంది. ఎవరూ మార్చలేదు. రేపు తనిఖీ వాళ్ళు ఇది చూస్తే బాగుండదు. ఆయన ఆ పేరు చెరిపేసి, ప్రస్తుతానికి తన పేరు కొట్టినాడు. కృష్ణమూర్తి.

"అదేల తీసేది?" అన్నాడు ఓబయ్య గబుక్కున. "ఉండనీ సార్."

"చనిపోయినాయన డ్యూటీలో ఉండాడని రాసుకుంటే నవ్వుతారన్నా."

"నవ్వేటోళ్ళు నవ్వనీ. మేమెవురం దాన్ని ముట్టుకోలే."

ఎందుకని అడగబోయినాడు. అప్పుడే బెల్లు మోగింది.

సన్నగా, పొడుగ్గా, గాజు గ్లాసు అంచు మీద వేలు రుద్దినట్లు. తెర మీద ఎర్రగా అక్షరాలు పడినాయి. నాలుగో రూం.

కృష్ణమూర్తి కుర్చీలోంచి లేచి నిలబడినాడు. ఓబయ్య మాత్రం ఏమీ కాని మనిషిలాగా వచ్చి, బల్ల మీద మైకు మీట నొక్కి, పక్కింటాయన్ని పలకరించినట్లు, "ఉన్నాంలే గిరీ," అన్నాడు.

బెల్లు ఆగిపోయింది.

"ఏమిటన్నా ఇది?"

"గిరి లే అప్పా. మిట్టమధ్యాన్నం అయ్యేసరికి కొడతాడు. రోజూ కాదు, వారంలో రెండు మూడు సార్లు. మొదట్లో ఉరుక్కుంటా పోయి తలుపు తీసేటోళ్ళం. ఇరవై సార్లు తీసింటాం. డ్రమ్ములు తప్ప ఏమీ ఉండదు. ఒకసారి మునెమ్మ ఊడస్తా ఊడస్తా ఈడికొచ్చి, విసుక్కోని, 'ఉన్నాంలే నాయనా, యాడికీ పోలే' అనింది. టక్కున ఆగిపోయె. అప్పటినుంచి అందరం అట్లే అంటాం." ఓబయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "మనం ఆయప్పని పిలవలే. ఇప్పుడు ఆయప్పే మనల్ని పిలిచి సూసుకుంటా ఉండాడు. ఉండారా పోయినారా అని. పాపం, ఉన్నామని ఒక మాట చెబితే పోయేదేముంది?"

కృష్ణమూర్తికి కోపమొచ్చింది. భయం వచ్చినప్పుడు కొందరికి కోపమే వస్తుంది. "మీరు పలికితే సైరను మోగదు, తెలుసా? రేపు లోపల నిజంగా మనిషి ఇరుక్కుంటే?"

"నాకు చెప్పకుండా ఎవురూ లోపలికి పోరు సార్. తాళాలు నా దగ్గరుండాయి గదా." మొలకి వేలాడే తాళంచెవుల గుత్తి ఆడించినాడు. "ఆ వైర్లో ఏదో తేడా ఉండాదని చిన్న ఇంజనీరు అన్నాడు. వైరయితే వైరు. వైరుకి మాత్రం మర్యాద చెయ్యకూడదా?"

నిజమే, వైరే అయ్యుంటుంది. చలికి లోపల తడి చేరి రెండు కొసలు అంటుకుంటా ఉంటాయి. కృష్ణమూర్తి తనకు తాను అట్లే చెప్పుకున్నాడు. మరి మాట చెబితే ఎందుకు ఆగుతుంది అంటే, మీట నొక్కితే ఎవరికైనా ఆగుతుంది. అందులో వింతేముంది. అన్నీ సరిపోయినాయి. అయినా వీపు మీద చెమట చల్లబడింది.

"సరే, నేను పోయి సద్ది తాగేసొస్తా," అన్నాడు ఓబయ్య. "పోతా పోతా నాలుగో రూములో డిగ్రీలు రాసుకుంటా, రేపు వాళ్ళకి సూపించాల గదా. నీకేమన్నా కావాలంటే గేటు కాడికి కేక పెట్టు."

ఆయన చెప్పుల చప్పుడు వరండా వెంబడి పోయి పోయి ఆగిపోయింది.

ఇంక పరీక్ష మిగిలింది. కృష్ణమూర్తి పెద్దోడి మూత విప్పి, డిస్కు వైరు పట్టుకుని పీకేసినాడు. తెరను చూస్తా కూర్చున్నాడు. ముప్పై సెకండ్లు. పలకలేదు. ఇంకో ముప్పై. పలకలేదు. మూడోది... పలకలేదు. పెద్దోడి ఫ్యాను మెల్లమెల్లగా ఆగి, ఒక నిట్టూర్పు లాంటిది విడిచింది. అదే క్షణంలో చిన్నోడు గుర్రుమని లేచినాడు. డిగ్రీలు తెర మీదికి వచ్చినాయి. బెల్లుల వరస వచ్చింది. పెద్దోడు ఎక్కడ ఆపినాడో చిన్నోడు అక్కడే అందుకున్నాడు. డ్యూటీలో ఉన్నవారు: కృష్ణమూర్తి.

బ్రహ్మాండంగా పనిచేసింది. తొంభై సెకండ్లు. ఫిబ్రవరిలో ఈ తొంభై సెకండ్లు దొరికి ఉంటే...

కాగితం తీసి సంతకం పెట్టినాడు. అయిపోయింది. ఇంక ఎవరూ ఏమీ తవ్వరు. బల్ల మీద మోచేతులు ఆన్చి, తల వాటి మీద పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలు. ఐదే నిమిషాలు కళ్ళు మూసుకుందామని. ఏసీ రొద, చిన్నోడి ఫ్యాను రొద, రెండూ కలిసిపోయి దూరంగా వాన పడతా ఉన్నట్లుంది. పులుపు వాసన మెల్లగా దగ్గరికి వచ్చింది. కుర్చీ వెనకాల ఎవరో నిలబడి, తను ఎప్పుడు లేస్తాడా అని ఓపిగ్గా చూస్తా ఉన్నట్లు అనిపించింది. తిరిగి చూసేదానికి కూడా ఓపిక లేదు.

బెల్లు మోగింది.

తల ఎత్తినాడు. నాలుగో రూం. గోడ గడియారంలో పన్నెండూ పది.

మైకు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది. ఓబయ్య అన్నట్లు ఒక మాట అంటే పోతుంది. నోరు తెరిచినాడు. ఏమని చెప్పాల? ఉన్నాం గిరీ అనా? ఆ రోజు లేనివాడు ఈ రోజు ఉన్నానని ఎట్లా చెప్పేది? చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

రెండోసారి మోగింది.

కళ్ళు మూసుకుని మీట నొక్కినాడు. "ఉన్నా..." గొంతు తనకే కొత్తగా, బొంగురుగా వినబడింది. "ఉన్నాంలే గిరీ."

ఆగిపోయింది.

గుండె నింపాదిగా కిందికి దిగతా ఉండగా... మళ్ళీ మోగింది.

ఈసారి మధ్యలో అర నిమిషం లేదు. ఆగలేదు. ఎవరో బెల్లు మీద వేలు పెట్టి తియ్యకుండా ఉన్నట్లు, ఒకటే మోత. మీట నొక్కినాడు. ఆగి, మళ్ళీ మొదలైంది. ఇంకోసారి నొక్కినాడు. మళ్ళీ.

గిరి అయితే పలికితే ఊరుకుంటాడు. ఇది ఊరుకోవడం లేదు. అంటే...

డిగ్రీలు రాసుకుంటానని ఓబయ్య ఆ రూముకే కదా పోయింది!

కృష్ణమూర్తి కుర్చీ తన్నుకుని పరుగెత్తినాడు. బయటికి రాగానే ఎండ చెంపదెబ్బ కొట్టినట్లు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మినాయి. తొక్కల కుప్ప మీద ఈగలు నల్లగా లేచినాయి. కోల్డ్ రూముల వరండా చివర నాలుగో తలుపు. తాళం తీసి, గొళ్ళేనికి వేలాడతా ఉంది. తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందులోంచి తెల్లటి పొగ నేల మీద పాకతా బయటికి వస్తా ఉంది.

"ఓబయ్యన్నా!"

తలుపు లాగి లోపలికి దూకినాడు.

లోపల ఒకటే బల్బు, చుట్టూ మంచు కట్టి పాలగాజులాగా వెలగతా ఉంది. పైన పెద్ద ఫ్యాన్ల హోరు. నీలం డ్రమ్ములు మనిషెత్తున రెండేసి చొప్పున వరసలు వరసలు. ఊపిరి పీలిస్తే ముక్కులో సూదులు గుచ్చినట్లుంది. బయటి వాసన ఇక్కడ లేదు. అసలు ఏ వాసనా లేదు. ఆ లేకపోవడమే భయంగా ఉంది.

"అన్నా... యాడుండావు?"

మొదటి వరస. ఎవరూ లేరు. రెండో వరస. చివర గోడ దాకా పోయి చూసినాడు. నేల మీద పొడి పొడిగా మంచు పరుచుకుని ఉంది. దాని మీద ఒకే మనిషి అడుగులు. తనవే.

వెనక మెత్తగా ఒక శబ్దం. పిండిబస్తా నేల మీద పెట్టినట్లు.

తలుపు మూసుకుంది.

పరుగెత్తి కడ్డీ మీద రెండు చేతులూ వేసి తోసినాడు. కదల్లేదు. భుజంతో తోసినాడు. కాలితో తన్నినాడు. అరచేతి తోలు ఇనుముకి అంటుకుని చిరిగింది. "ఓబయ్యన్నా!" అని అరిచినాడు. ఫ్యాన్ల హోరు ఆ అరుపును అక్కడికక్కడే మింగేసింది.

ఊపిరి తీసుకో. ఆలోచించు.

బెల్లు. తలుపు పక్కనే ఉంది. గోడంతా వేలెడు మందాన మంచు. నొక్కే చోట మాత్రం మంచు లేదు. ఎన్నో రోజులుగా ఎవరో వేలితో రుద్ది రుద్ది అరగదీసినట్లు నున్నగా ఉంది. చూడనట్లే నొక్కినాడు. పక్కన చిన్న ఎర్ర దీపం వెలిగింది.

ఒకటి.

భయం లేదు. కంప్యూటర్ రూములో ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడమే ఇప్పుడు మంచిది. మూడుసార్లు మోగుతుంది, ఎవరూ పలకరు, సైరను మోగుతుంది. గేటు కాడ ఓబయ్య సద్ది ముంత అక్కడే పారేసి వస్తాడు. చిన్నోడు లేచి ఉన్నాడు. అంతా తన చేత్తో తనే సరిచేసినాడు, తన కళ్ళతో తనే పరీక్షించినాడు. గిరికి దొరకని తొంభై సెకండ్లు తనకు దొరుకుతాయి.

లెక్కపెట్టుకుంటా నిలబడినాడు. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.

ఎర్ర దీపం రెండోసారి వెలిగింది.

కాళ్ళు తెలియడం లేదు. వేళ్ళు తనవి కానట్లున్నాయి. చలి కంటే నిద్ర ఎక్కువగా వస్తా ఉంది. రెండు రాత్రుల నిద్ర, ఫిబ్రవరి నుంచి బాకీ పడిన నిద్ర, అంతా ఒక్కసారిగా కళ్ళ మీదికి దిగతా ఉంది. కూర్చోవద్దు, కూర్చుంటే లేవలేవు అని తనకు తాను చెప్పుకుంటానే గోడకి జారబడినాడు.

"గిరీ," అన్నాడు మెల్లగా. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట, పొగలాగా నోట్లోంచి బయటికొచ్చింది. "తప్పు నాదే. ఊరకుండమని నేనే పెట్టినా. నిద్ర కోసం పెట్టినా అప్పా... ఒక్క రాత్రి నిద్ర కోసం..."

ఫ్యాన్లు తిరగతా ఉన్నాయి.

ఇరవై. ఇరవై ఒకటి. ఇంకొక్కసారి వెలిగితే చాలు. ఆ తర్వాత సైరను. పలకవద్దు. దేవుడా, ఎవరూ పలకవద్దు... ఎవరున్నారు గనక పలికేదానికి...

ఇరవై ఏడు.

తల మీద స్పీకరు గరగరమనింది.

మొదట కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఎవరో ఆవులించినారు. తీరిగ్గా, కడుపు నిండా నిద్రపోయి లేచిన మనిషి ఆవులించినట్లు.

"ఉన్నాంలే గిరీ," అనింది ఒక గొంతు.

ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆ గొంతు ఓబయ్యది కాదు. గిరిప్రసాద్‌ది కూడా కాదు, గిరి గొంతు ఆయనకి బాగా తెలుసు. దాని వెనకాల, వాకిలి దగ్గర్నుంచి కాబోలు, ఓబయ్య నవ్వతా అడగడం వినబడింది. "ఏమప్పా కృష్ణమూర్తి సార్, మొత్తానికి నువ్వు గూడా పలికినావే! పని అయిపోయినట్లేనా?"

"అయిపోయిందన్నా," అన్నాడు స్పీకర్లో కృష్ణమూర్తి. "రెండు గంటల బస్సుంది. ఇంటికి పోవాల. ఇంట్లోవాళ్ళని చూసి నాలుగు నెలలైంది."